నూనె కక్కే బుల్లెట్, చెరువుల పుస్తకం

పాత బుల్లెట్ నూనె కారుతోందని వచ్చేవాళ్లు ముందు బండిని చూపించరు, బట్టలు చూపిస్తారు. ఈయనా అంతే. మా మెకానిక్ షాపు ముందు బండికి స్టాండేసి, ఎడమ కాలి దగ్గర పంచె అంచు పైకెత్తి "చూడు అబ్బాయ్, ఈ వారంలో ఇది మూడోది, ఇంటావిడ ఉతకనని పక్కన పడేసింది" అన్నారు. మరక చుక్కలు చుక్కలుగా లేదు, సన్నగా పిచికారీ కొట్టినట్టుంది. అతుకుల మధ్య వేసే ప్యాకింగు పోతే నూనె కారుతుంది, కింద చుక్కలు పడతాయి. ఇలా తుంపర కొట్టిందంటే వెనక గాలి తోస్తున్నట్టే. కాబట్టి బ్రీదర్ వైపే, అంటే ఇంజను లోపలి గాలి బయటికి పోయే కన్నం వైపే చూడాలని అప్పుడే అనుకున్నాను. అనుకున్నది సరైందే, ఆ తర్వాత చేసిందే కొంత తప్పు. ఇదంతా రాస్తున్నదీ ఆ తప్పు కోసమే.

ఆయన పేరూ ఊరూ రాయను, కోనసీమలో ఒక ఊరనుకోండి. వయసు అరవై దాటింది, వరి మానేసి ఆక్వా చెరువులు తవ్విన ఆసామి. బండి వాళ్ల నాన్నగారిది, 1970ల నాటి 350. అంటే 346 సీసీ, సిలిండరు వెడల్పు (బోరు) 70 మిల్లీమీటర్లు, పిస్టన్ కదిలే దూరం (స్ట్రోకు) 90, కుడికాలితో గేరు, పాయింట్ల ఇగ్నిషన్. అప్పటికే రెండు షాపులు తిరిగొచ్చింది. ఒక చోట బోరింగ్ కొట్టి కొత్త పిస్టన్, రింగులు వేశారు. ఇంకోచోట ప్రతి అతుకుకీ సిలికాన్ పేస్టు పూసి, బ్రీదరుకున్న రబ్బరు వాల్వు తీసేసి, దాని బదులు పెట్రోలు ట్యాంకుకి వాడే సన్న పైపు తగిలించి, దాన్ని మూతకి బెజ్జం కొట్టిన ఒక నీళ్ల సీసాలో దూర్చారు. "కన్నం చిన్నదైతే నూనె తక్కువొస్తుంది" అన్నారట. ఆ సీసా నిండి, మూత బెజ్జంలోంచి ఎగిరిపడిన నూనే ఆయన పంచెకీ వెనక టైరుకీ అంటుతోంది. పంచె సంగతి సరే, టైరుకి నూనె అంటిన బండి మీద తడిసిన చెరువు గట్టున వెళ్లడం ఎంత ప్రమాదమో చెప్పక్కర్లేదు. ఒకసారి జారి నీళ్లలో పడబోయి ఆగారు.

ఆ కన్నం చేసే పనేంటి

సింగిల్ సిలిండర్ ఇంజన్లో పిస్టన్ కిందికి దిగిన ప్రతిసారీ కింద క్రాంకు తిరిగే గదిలో, అంటే క్రాంక్‌కేసులో (ఇకపై కేసు) 346 సీసీల చోటు తగ్గిపోతుంది. పైకెళ్తే అంతే చోటు మళ్లీ వస్తుంది. 3000 ఆర్పీఎం దగ్గర ఇది సెకనుకి 50 సార్లు జరుగుతుంది, అంటే సెకనుకి 17 లీటర్ల పైచిలుకు గాలి అటూ ఇటూ ఊగుతుంటుంది. రెండు సిలిండర్ల ఇంజన్లలో ఒక పిస్టన్ దిగేటప్పుడు ఇంకోటి లేస్తే ఒకటి తోసింది రెండోది పీల్చుకుంటుంది, మన బండికి ఆ సౌకర్యం లేదు. పైగా పిస్టన్ రింగుల పక్కనుంచి జారిన మండిన గ్యాసు కూడా ఎంతో కొంత కేసులోకి దిగుతూనే ఉంటుంది, దానికి బయటికి దారి కావాలి. దారి లేకపోతే అదే వెతుక్కుంటుంది, ట్యాపెట్ కవరు కిందనో, ప్యాకింగు పక్కనో, క్రాంకు సీలు దాటి క్లచ్ కేసులోకో.

అందుకే కేసులోంచి బయటికి వెళ్లే దారిలో ఒక వైపే తెరుచుకునే వాల్వు పెడతారు. మన బుల్లెట్లలో ఎక్కువగా కనిపించేది బాతు ముక్కు ఆకారంలో ఉండే రబ్బరు ముక్క. పిస్టన్ దిగితే పెదాలు విడతాయి, గాలి బయటికి పోతుంది. పిస్టన్ లేస్తే పెదాలు మూసుకుంటాయి, బయటి గాలి లోపలికి రాదు. నాలుగు తిప్పులు తిరిగేసరికి కేసులో గాలి పలచబడుతుంది, ఆ తర్వాత బయటికి వచ్చేది దాదాపు రింగులు దాటిన గ్యాసు మాత్రమే. సెకనుకి 17 లీటర్ల ఊగులాట ఎక్కడ, నిమిషానికి కొద్ది లీటర్ల గ్యాసు ఎక్కడ! వాల్వు తీసేయడమంటే ఈ తేడాని తీసేయడమే. అది లేని బండి నిజంగానే ఊపిరి తీస్తుంది, తీసిన ప్రతి ఊపిరితో మన చెరువుల దగ్గరి తడిగాలిని నూనెలోకి లాక్కుంటుంది.

సన్న పైపు సంగతి. గోదారి పాపికొండల మధ్య ఇరుకులో ఉరికేటప్పుడు మట్టినంతా మోసుకొస్తుంది, ధవళేశ్వరం దిగి విప్పారాక నెమ్మదించి ఒండ్రు వదిలేస్తుంది. మన కాళ్ల కింది నేలంతా అలా వదిలిందే కదా. నూనె తుంపరా అంతే. గాలి జోరుగా పోతే చుక్కలు దానితో కొట్టుకుపోతాయి, గాలికి వెడల్పు ఇస్తే నెమ్మదిస్తుంది, పెద్ద చుక్కలు గోడకి అంటుకుని కిందికి జారతాయి. లోపల 6 మిల్లీమీటర్ల వెడల్పున్న పెట్రోలు పైపుతో పోలిస్తే 25 మిల్లీమీటర్ల గొట్టంలో అదే గాలి 17 రెట్లు నెమ్మదిగా వెళ్తుంది. కన్నం చిన్నది చేసినాయన నూనెని ఆపలేదు, దానికి జోరునిచ్చాడు.

ఇది మా షాపులో పుట్టిన తెలివి కాదు. బ్రిటిష్ బండ్లు ట్రయంఫ్ 650లలో చాలాకాలం కామ్‌షాఫ్ట్ (ఇంజను వాల్వులు తెరిచే కడ్డీ) చివర తిరిగే బిళ్ల వాల్వు ఉండేది, 1970 మోడల్ దగ్గర దాన్ని వదిలేసి గాలిని ప్రైమరీ చైన్ కేసులోకి, అంటే ఇంజను నుంచి క్లచ్చుకి వెళ్లే చైను ఉండే గదిలోకి మళ్లించారు. ఆ కేసు విశాలమైన గది, గాలి అందులో నెమ్మదిస్తుంది, నూనె అక్కడే దిగిపోతుంది, లావు గొట్టంలోంచి గాలి ఒక్కటే బయటికొస్తుంది.

కొలవకుండా ముట్టుకోలేదు

మొదటి రోజు ఏమీ విప్పలేదు. ఆ నీళ్ల సీసా స్థానంలో అరలీటరు తెల్ల సీసా ఒకటి కట్టి, మార్కర్‌తో 50 మిల్లీలీటర్లకి ఒక గీత గీసి, ఇంటికి వెళ్లాక రోజూ ఎంత నిండిందో రాసి పెట్టమన్నాను. ఎక్కడ రాస్తారు, చెరువుల పుస్తకంలోనే. మేత ఎన్ని కేజీలు వేశారు, ఆక్సిజన్ ఎంతుంది, ఏ చెరువు దగ్గరికి ఎన్ని గంటలకి వెళ్లారు, ఇవన్నీ ఆయన రోజూ గళ్లు కొట్టి రాసుకుంటారు. చివర్లో కొత్త గడి కొట్టి "సీసా" అని పేరు పెట్టారు.

పదిరోజులకి పుస్తకం పట్టుకొచ్చారు. మామూలు రోజుల్లో 20 నుంచి 30 మిల్లీలీటర్లు. మధ్యలో ఐదురోజులు హైదరాబాదులో అబ్బాయి దగ్గరికి వెళ్లొచ్చారట, తిరిగొచ్చిన రోజు గడిలో 180, అదీ రెండు కిలోమీటర్లలోనే. ఇది చూశాక కొంచెం ధైర్యం వచ్చింది, ఎందుకంటే ఇది ఒక జబ్బు కాదు, రెండు జబ్బులు కలిసి ఒకే సీసాలో పడుతున్నాయి. రెండు షాపుల వాళ్లూ ఒకే కారణం కోసం వెతికారు.

రింగుల మీద అనుమానం ముందు తీర్చుకోవాలి, లేకపోతే మళ్లీ బోరు దాకా వెళ్లాలనిపిస్తుంది. దీనికి మా దగ్గరున్న పరికరం క్యారీబ్యాగు. బ్రీదరుకి మంచి వాల్వు పెట్టి, పైపు చివర ఐదు లీటర్ల కవరు గాలి పోకుండా కట్టి, ఒకే ఐడిల్ మీద (బండి కదలకుండా ఇంజను తిరిగే వేగం) ఎంతసేపటికి నిండుతుందో చూడటమే. వాల్వు లేకుండా చేస్తే కవరు ఉబ్బుతూ తగ్గుతూ ఉంటుంది గానీ లెక్క తేలదు. ఇంజను వేడయ్యాక ఈయన బండికి నాలుగు నిమిషాల చిల్లర పట్టింది. షాపులో ఉన్న ఇంకో 350, అది నేను కట్టిందే, రింగుల గురించి బెంగలేదు, దానికీ అటూ ఇటుగా అంతే పట్టింది. అంటే బోరింగ్ కొట్టినాయన పని బాగానే చేశాడు. హెడ్డు విప్పాల్సిన పని లేదు.

తర్వాత 180 సంగతి. బుల్లెట్ డ్రై సంప్ ఇంజను, అంటే నూనె క్రాంకు కింద కాకుండా వేరే ట్యాంకులో ఉంటుంది, ఆ ట్యాంకు క్రాంక్‌కేసు పోతలోనే వెనక గదిలా ఉంటుంది. క్రాంకు తిరిగే గదిలో నూనె నిలవకూడదు, పడింది పడినట్టు రిటర్న్ పంపు ట్యాంకులోకి తోడెయ్యాలి. బండి రోజుల తరబడి నిలబడితే అరిగిన పంపు బిళ్లల సందులోంచి ట్యాంకులో నూనె నెమ్మదిగా క్రాంకు గదిలోకి దిగుతుంది. కిక్కు కొట్టగానే క్రాంకుకున్న బరువైన చక్రాలు, ఫ్లైవీళ్లు, ఆ నూనెని చిలికి నురగ చేస్తాయి, నురగని ఏ బ్రీదరూ ఆపలేదు. బండిని ఐదురోజులు షాపులో నిలబెట్టి క్రాంకు గది ప్లగ్గు విప్పాను, 700 మిల్లీలీటర్ల దాకా వచ్చింది. మళ్లీ నూనె పోసి, పది నిమిషాలు నడిపి, ఆపిన వెంటనే విప్పాను. 100. రెండో అంకె ముఖ్యం. తోడే పంపు బాగానే తోడుతోంది, నిలబడినప్పుడు కారడమే జబ్బు. మొదటి అంకె ఒక్కటే చూసి ఉంటే నూనె పంపేదీ తోడేదీ రెండు పంపులూ మార్చి ఆయనకి ఖర్చు పెట్టేవాణ్ని.

టైమింగ్ కవరు తీసి, అద్దం ముక్క మీద సన్న గ్రైండింగ్ పేస్టూ నూనే వేసి, పంపు బిళ్లని ఎనిమిది అంకె గీసినట్టు తిప్పుతూ, మొహమంతా ఒకే బూడిద రంగు తిరిగేదాకా రుద్దాను, అది ఆనే చోటునీ అలాగే. ఓపిక పని, మధ్యాహ్నమంతా పట్టింది. బిగించి మళ్లీ ఐదురోజులు నిలబెడితే 150 వచ్చింది. యాభై ఏళ్ల పంపుకి అది చాలు.

నేను చేసిన తప్పు

ఇక రోజువారీ 20, 30. ఇదే తేలికనుకున్నాను. స్టీలు డబ్బా ఒకటి చేయించి, లోపల గిన్నెలు తోమే స్టీలు పీచు కూరి, కింది నుంచి నూనె తిరిగి ట్యాంకులోకి వెళ్లేలా పాత నూనె మూత ఒకదానికి కన్నం కొట్టి పైపు కలిపాను. ఆలోచన ఇంజన్ల పుస్తకాల్లో ఉన్నదే. సన్న తుంపర తీగకి తగిలి అంటుకుంటుంది, చుక్కలు కలిసి పెద్దవై జారతాయి, జారింది ఇంజనుకే చేరుతుంది, వృథా ఉండదు. కొత్త వాల్వు పైపు చివర పెట్టాను. చూడ్డానికి కూడా ముచ్చటగా ఉంది, ఫోటో తీసుకున్నాను.

తొమ్మిదో రోజు ఫోను. "అబ్బాయ్, సీసా గొడవ పోయింది గానీ ట్యాపెట్ కవరు దగ్గర కారుతోంది, క్లచ్చు కూడా జారుతోంది." వెళ్లి చూస్తే క్లచ్ కేసులో నూనె ఉండాల్సినదానికంటే చాలా ఎక్కువుంది. అంటే కేసులో ఒత్తిడి పెరిగి క్రాంకు సీలు దాటించి అటు తోసేస్తోంది. డబ్బా విప్పాను. పీచంతా మీగడ. తెల్లగా, కొంచెం పసుపుగా, వేలితో తీస్తే వెన్నముద్దలా వస్తోంది, వాసన మాత్రం మాడిన నూనెదీ పెట్రోలుదీ కలిసి. గాలికి దారి మూసుకుపోయింది. ట్యాంకు మూత తీస్తే లోపలివైపు అదే మీగడ, అంటే నేనే నా చేత్తో నీళ్లని నూనెలోకి పంపుతున్నాను. చివరికి డబ్బా అడుగున అయస్కాంతం తిప్పితే వెంట్రుకల్లాంటి తీగ ముక్కలు నాలుగైదు అంటుకున్నాయి. అవి రిటర్న్ పైపులోకి దిగి ఉంటే నేను రుద్దిన పంపు బిళ్ల మీదే గీతలు పడేవి. ఆ రోజు నూనె మొత్తం దింపి, కేసు కడిగి, డబ్బు తీసుకోకుండా కొత్త నూనె పోశాను.

అప్పుడు అడిగాను పుస్తకం మళ్లీ ఇమ్మని. ఈసారి సీసా గడి కాదు, దాని పక్క గళ్లు చదివాను. 4.10 మొదటి చెరువు. 4.40 రెండోది. 5.05 మూడోది. ఇంటి నుంచి మొదటి చెరువుకి రెండు కిలోమీటర్లు, ఆ తర్వాత ఒక్కో చెరువుకీ అరకిలోమీటరు. ప్రతి చోటా బండి ఆపి, ఏరియేటర్లు (నీళ్లలో గాలి కలిపే యంత్రాలు) చూసి, మళ్లీ కిక్కు. రోజంతా కలిపి ఏడెనిమిది కిలోమీటర్లు, అదీ తెల్లారుజామున, నీళ్ల మధ్య గట్టు మీద. ఈ ఇంజను ఒక్కసారి కూడా పూర్తిగా వేడెక్కట్లేదు! మొదటి పదిరోజులూ ఈ సమాచారం నా కళ్ల ముందే ఉంది, నేను గీయించిన గడి ఒక్కటే చూశాను.

లీటరు పెట్రోలు మండితే లీటరుకి కొంచెం తక్కువగా నీళ్లు పుడతాయి. ఎక్కువ భాగం సైలెన్సర్ లోంచి ఆవిరిగా పోతుంది, రింగులు దాటిన గ్యాసుతో కొంత కేసులోకి దిగుతుంది. ఇంజను వేడిగా ఉంటే అది ఆవిరిగానే బ్రీదర్ లోంచి వెళ్లిపోతుంది. చల్లగా ఉంటే ఇడ్లీ పాత్ర మూతకి పట్టినట్టు లోపలి గోడలకి నీళ్లు పడతాయి, నూనెతో చిలుకుకుని మీగడ కడుతుంది. అదే డబ్బా హైవే మీద రోజూ యాభై కిలోమీటర్లు తిరిగే బండికి పెట్టి ఉంటే బహుశా బాగానే పనిచేసేది, పీచు సంగతి పక్కనబెడితే. ఆ బండికి సరైన జవాబుని ఈ బండికి ఇచ్చాను.

రెండోసారి

ఇప్పుడు ప్రశ్న మారింది. నూనె వెనక్కి రావాలి, నీళ్లు రాకూడదు. రెండూ ఒకే డబ్బాలో దొరికితే విడదీయలేం. కానీ అవి విడిపోయే చోట్లు వేరు. నూనె చుక్కలు ఇంజనుకి దగ్గరగా, గాలి నెమ్మదించగానే పడిపోతాయి. నీటి ఆవిరి ఇంకా ముందుకెళ్లి చల్లటి చోట దిగుతుంది. కాబట్టి దగ్గర పడింది వెనక్కి, దూరం పడింది బయటికి.

కేసుకున్న బ్రీదర్ కన్నానికి ఆనించి 25 మిల్లీమీటర్ల స్టీలు గొట్టం, 15 సెంటీమీటర్లు నిలువుగా పైకి. లోపల రెండు అర్ధచంద్రాకారం రేకులు, ఒకటి ఈ గోడకి, ఇంకోటి ఆ గోడకి, కొంచెం కిందికి వాల్చి. గాలి వాటిని చుట్టుకుని పోతుంది, బరువైన చుక్క మలుపు తిరగలేక రేకుకి కొట్టుకుంటుంది. పీచు లేదు, జాలీ లేదు, మూసుకుపోయేదేదీ లేదు. ఊళ్లో గ్యాస్ వెల్డింగ్ చేసే కుర్రాడు గంటలో చేసిచ్చాడు. కేసుకి కొత్త కన్నం మాత్రం కొట్టలేదు, పాత బండ్ల కేసులకి కన్నాలు కొట్టడం నాకు ఇష్టం ఉండదు.

వాల్వు ఎక్కడ అన్న దగ్గర కాసేపు తటపటాయించాను. కేసుకి ఎంత దగ్గరుంటే అంత మంచిది, మధ్యలో ఉన్న గాలి స్ప్రింగులా అణిగి లేస్తుంది, పైపు పొడవైతే వాల్వు సరిగ్గా తెరుచుకోదు. కానీ గొట్టానికి ముందే పెడితే గొట్టంలో దిగిన నూనె వెనక్కి పోలేదు, వాల్వే అడ్డం. గొట్టం పైన పెడితే లోపలి చోటు 75 సీసీ దాకా పెరుగుతుంది. 346 సీసీల ఊపు ముందు అది భరించొచ్చనిపించి పైనే పెట్టాను. దీనివల్ల నేను ముందు ఊహించని లాభం ఒకటి దొరికింది. పిస్టన్ లేచినప్పుడు పైన వాల్వు మూసుకుంటుంది కదా, కింద కేసులో పుట్టిన ఆ పీల్పుకి గొట్టం అడుగున చేరిన నూనె దానంతటదే లోపలికి పోతోంది.

వాల్వు కొనేటప్పుడు నోటితో ఊదండి, ఇది మాత్రం నా మాట వినండి. బుగ్గలు ఉబ్బించకుండా ఊదితే తెరుచుకోవాలి, పీలిస్తే పెదవికి అతుక్కోవాలి. డబ్బాకి పెట్టిన వాల్వు నేను ఊది చూడలేదు. విప్పాక ఊదితే చెవుల్లో గాలి కొట్టేదాకా తెరుచుకోలేదు, అంత బిరుసు రబ్బరు. అది కూడా కేసులో ఒత్తిడి పెంచిందనే నా అనుమానం. ఈసారి నాలుగు ఊది ఒకటి తీసుకున్నాను. బిగించాక ఐడిల్ మీద బొటనవేలు అడ్డం పెడితే బయటికి పుఫ్ పుఫ్ మని కొట్టాలి, వేలిని లోపలికి లాక్కోకూడదు.

వాల్వు పైనుంచి 12 మిల్లీమీటర్ల గొట్టం టూల్‌బాక్సు వెనక్కి, అక్కడ గాలి తగిలే చోట అదే తెల్ల సీసా, మూతకి గాలి పోయే కన్నం కిందికి, టైరుకి దూరంగా. సీసాలో పడింది పారబోయడమే, ట్యాంకుకి దారి లేదు. ఆయనకి ఇది నచ్చలేదు. "పది మిల్లీలీటర్లయినా నూనే కదా అబ్బాయ్" అన్నారు. "అది నూనె కాదు బాబాయ్ గారూ, మజ్జిగ" అన్నాను. ఇంకోటి కూడా చెప్పాను, వారానికోసారి చెరువుల నుంచి నేరుగా ఇంటికి రాకుండా 216 హైవే ఎక్కి అరగంట ఆగకుండా నడపమని.

మొదటి నెల సీసాలో మొత్తం 40. నిలబెడితే కింద మూడొంతులు నీళ్లు, పైన పలచటి నూనె తెట్టు. మొదటి లెక్కన నెలకి 600 పైన పడాలి. టైరు పొడిగా ఉంది, క్లచ్ కేసులో మట్టం కదల్లేదు, ట్యాపెట్ కవరు దగ్గర చెమ్మ కూడా ఆరిపోయింది. అక్కడ నేను ప్యాకింగు మార్చలేదు, కేసులో ఒత్తిడి తగ్గడమే మందు. పొగలాంటి మరీ సన్న తుంపర మాత్రం ఇప్పటికీ వస్తుంది, వేడి మీద సీసా మూత దగ్గర చెయ్యి పెడితే జిడ్డు తెలుస్తుంది. మైక్రాన్ (మిల్లీమీటరులో వెయ్యో వంతు) కంటే చిన్న చుక్కలు గాలి నెమ్మదించినా పడవు, వాటికి కార్లలో పెట్టేలాంటి ఫిల్టరు కావాలి. ఈ బండికి అంత అవసరం ఉందనుకోలేదు.

హైవే మీద నడిపిన వారాలూ నడపని వారాలూ పుస్తకంలో ఇట్టే తెలుస్తున్నాయి, నడపని వారం సీసాలో తెలుపు ఎక్కువ. పోయిన నెల వానలకి పదిహేను రోజులు హైవే ఎక్కలేదట, వాల్వు పెదాల మధ్య మీగడ చేరి కొంచెం అతుక్కుంది, విప్పి కిరసనాయిలుతో కడిగి పెట్టాను. పుస్తకంలో సీసా గడి పక్కన ఇప్పుడు "వాల్వు కడిగిన తేదీ" అని ఇంకో గడి ఉంది.